ఎవరి గొంతు ఇది? ఉమ్ కుల్సూమ్ పాట, ఆమె చుట్టూ తెగని వాదనలు

గల్ఫ్‌లో కొన్నేళ్ళు ఉండొచ్చినవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. రాత్రిపూట టాక్సీ ఎక్కుతారు. డ్రైవర్ ఏ ఈజిప్టువాడో అయితే లోపల ఒక ఆడగొంతు మోగుతుంటుంది. లోతైన గొంతు, వెనక వయొలిన్ల దండు. ఆమె ఒక మాట అంటుంది. మళ్ళీ అదే మాట. ఇంకోసారి అదే. మధ్యలో జనం కేకలు. ఇరవై నిమిషాల తర్వాత మీరు దిగిపోతారు, ఆమె మాత్రం ఇంకా ఆ చరణం దగ్గరే ఉంటుంది.

ఆ గొంతు ఉమ్ కుల్సూమ్‌ది. 2025 ఫిబ్రవరికి ఆమె పోయి 50 ఏళ్ళు నిండాయి. ఈజిప్టు ప్రభుత్వం ఆ ఏడాదిని ఆమె పేరు మీద జరిపింది. ఏడాది చివర్లో మర్వాన్ హామిద్ దర్శకత్వంలో ఆమె జీవితం మీద సినిమా కూడా వచ్చింది, మోనా జకీ ఆమెగా నటించింది. ట్రైలర్ బయటికొచ్చిన నాటి నుంచే గొడవ. పోలికే లేదని కొందరు, మహాగాయనిని మామూలు మనిషి స్థాయికి దించేశారని కొందరు. 1999లో సబ్రీన్ నటించిన టీవీ సీరియల్‌తో పెరిగినవాళ్ళకి ఈ కొత్త బొమ్మ మింగుడుపడలేదు. ఆ సీరియల్లో ఆమెకు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు మరి.

ఒక గాయని గురించి అర్ధశతాబ్దం తర్వాత కూడా ఇంత వాదన ఎందుకు? దీని వెనక రెండు ప్రశ్నలున్నాయి. పాట అంత పొడుగెందుకు అన్నది ఒకటి. ఆమె రాజుగారి మనిషా, రాజరికం పోయాక దేశాన్ని ఏలిన నాసర్ మనిషా, జనం మనిషా అన్నది రెండోది. నాకైతే ఇవి వేర్వేరు ప్రశ్నలు అనిపించవు. మొదటిది అర్థమైతే రెండోదానికి సగం ముడి వదులవుతుంది.

పేరు దగ్గరే మొదటి చిక్కు

ఉమ్ కుల్సూమ్ అన్నది ముహమ్మద్ ప్రవక్త కూతుళ్ళలో ఒకామె పేరు. హైదరాబాద్ పాతబస్తీలో కుల్సుమ్ అని వినిపించే పేరూ ఇదే. అరబీలో 'స' కాదు, నాలుక పళ్ళ మధ్య పెట్టి పలికే అక్షరం ఒకటుంది. అది ఉర్దూలోకి వచ్చేసరికి 'స' అయింది. ఈజిప్టు వీధుల్లోనూ అంతే, 'ఉమ్ కల్సూమ్' అంటారు. ఎక్కువమంది అదీ అనరు. 'అస్సిత్' అంటారు. అమ్మగారు అన్నట్టు. ఏ అమ్మగారు అని అడిగే పని లేదు.

పుట్టిన తేదీ మాత్రం తేలలేదు. 1898 డిసెంబర్ 31 అని కొన్ని చోట్ల, 1904 మే 4 అని కొన్ని చోట్ల కనిపిస్తుంది. ఇంకా తర్వాతి తేదీ చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఆ కాలంలో పల్లెల్లో పిల్లల పుట్టుక ఎలా రాసేవారో మన తాతల సర్టిఫికెట్లు చూస్తే తెలుస్తుంది కదా. పుట్టిన ఊరిలో మాత్రం తేడా లేదు. నైలు నది డెల్టాలో, దకహ్లియా జిల్లాలో, తమాయ్ అల్ జహాయిరా అనే చిన్న పల్లె.

తలపాగా కట్టిన ఆడపిల్ల

తండ్రి ఇబ్రాహీం ఆ ఊరి మసీదులో ఇమాం. ఆ రాబడితో ఇల్లు గడవక, పెళ్ళిళ్ళలో, పండగల్లో ప్రవక్త మీద భక్తిగీతాలు పాడేవాడు. కొడుక్కి నేర్పిస్తుంటే పక్కన కూర్చున్న కూతురు విని పట్టేసింది. గొంతు వయసుకు మించి ఉంది. వెంట తీసుకెళ్తే డబ్బొస్తుంది, కానీ ఆడపిల్లని నలుగురిలో నిలబెట్టి పాడించడం ఎలా? అందుకని మగపిల్లవాడిలా కోటు తొడిగి, తలకి గుడ్డ చుట్టి తీసుకెళ్ళాడు. కైరోలో పేరొచ్చిన మొదటి రోజుల్లోనూ ఆమెకు ఇదే వేషం.

ఊరి ఖురాన్ బడిలో చదవడం వల్ల ఆమెకు ఒక ఆస్తి దక్కింది. ఖురాన్ పఠనానికి ఖచ్చితమైన నియమాలుంటాయి. ఏ అక్షరం గొంతులో ఎక్కడ పుట్టాలి, ఎక్కడ ఊపిరి ఆపాలి, ఏ హల్లుని ముక్కుతో మోగించాలి అన్నీ నేర్పిస్తారు. మన వేదపాఠశాలలో స్వరం తప్పితే గురువు ఊరుకోడు చూడండి, అలాంటి శిక్షణ. తర్వాత ప్రేమపాటలు పాడినా ఆ ఉచ్చారణ ఆమెను వదల్లేదు. పాత అరబీ కవిత్వం చదవలేని రైతులకి కూడా ఆమె నోట ప్రతి మాటా విడివిడిగా వినపడింది. ఆమె గెలుపుకి గొంతు ఎంత కారణమో ఇదీ అంతే కారణమని సంగీతం తెలిసినవాళ్ళు చెప్తారు.

1920ల మొదట్లో కుటుంబం కైరోకి మారింది. అప్పటికి అక్కడ రంగస్థలాన్ని ఏలుతున్నది మునీరా అల్ మహదియ్యా. పల్లె నుంచి వచ్చిన ఈ పిల్ల అక్కడ పాఠాలు మొదలుపెట్టింది. షేక్ అబూ అల్ ఇలా ముహమ్మద్ దగ్గర సంగీతం, కవి అహ్మద్ రామీ దగ్గర సాహిత్యం. రామీ ఆమె కోసం వందకు పైగా పాటలు రాశాడు. ఆయన పారిస్ వెళ్ళి పారశీకం నేర్చుకుని ఉమర్ ఖయ్యాం రుబాయీలను నేరుగా అరబీలోకి తెచ్చినవాడు. మన నెల్లూరు కవి దువ్వూరి రామిరెడ్డి కూడా పారశీకం నేర్చుకునే ఖయ్యాంని తెలుగు చేశాడు. కైరోలో రామీ, ఇక్కడ రామిరెడ్డి. పేర్ల కలయిక యాదృచ్ఛికమే అనుకోండి, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను. రామీ అనువాదం తర్వాత రియాద్ అల్ సుంబాతీ బాణీలో ఆమె పెద్ద పాటల్లో ఒకటైంది.

తరబ్ అంటే ఏమిటి?

ఇక్కడ కాస్త ఆగాలి. ఇది తెలియకపోతే మిగతాదంతా పొగడ్తలాగే ఉంటుంది.

తరబ్ అనే అరబీ మాటకి ఒక్క మాటలో తెలుగు చెప్పడం కష్టం. పాట వింటూ మనిషి ఒళ్ళు మరిచే స్థితి అది. సంతోషమే అక్కర్లేదు, ఏడుపొచ్చినా తరబే. ఆ స్థితిని కలిగించే సంగీతానికీ అదే పేరు. అసలు మెలిక ఏమిటంటే, తరబ్ గాయని దగ్గర బయల్దేరి శ్రోత దగ్గర ఆగేది కాదు. అటూ ఇటూ తిరుగుతుంది. శ్రోత 'అల్లా!' అని అరుస్తాడు. గాయని ఆ కేక విని అదే వాక్యాన్ని మళ్ళీ ఎత్తుకుంటుంది, ఈసారి వేరేగా. అది విని హాలు ఇంకాస్త లేస్తుంది. ఇలా విని పలికే శ్రోతలకి 'సమ్మీఅ' అని పేరు కూడా ఉంది. వినడం తెలిసినవాళ్ళు అని అర్థం.

పద్య నాటకాలు చూసినవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ముగించి రాగం లాగుతుంటే వెనక నుంచి 'వన్స్ మోర్' అని కేక. అంతే, కురుక్షేత్రం ఆగిపోయేది, కృష్ణుడు మళ్ళీ అదే పద్యం ఎత్తుకునేవాడు. కథ నిలిచిపోయిందని ఎవరూ బాధపడలేదు. రెండోసారి ఏ సంగతి కొత్తగా వేస్తాడా అని చెవులు రిక్కించేవారు. కర్ణాటక కచేరీలో నెరవల్ ఉంది, ఒకే సాహిత్యపు పాదాన్ని తీసుకుని రాగంలో రకరకాలుగా తిప్పడం. నెరవల్‌ని, వన్స్ మోర్‌ని కలిపి ఊహించుకుంటే ఉమ్ కుల్సూమ్ కచేరీకి దగ్గరికొస్తాం.

రాగం లాంటిదే అక్కడ మకామ్. ఒక తేడా ఉంది. రాస్త్ అనే మకామ్‌లో మూడో స్వరం మన సాధారణ గాంధారానికి కాస్త పైన, అంతర గాంధారానికి కాస్త కింద, రెంటికీ నడుమ పలుకుతుంది. హార్మోనియం మెట్లలో అది దొరకదు. మొదటిసారి వినేవాళ్ళకి 'శ్రుతి తప్పిందా' అనిపించేది ఇలాంటి చోటే. తప్పలేదు. ఆ స్వరం చోటే అది.

ఇప్పుడు ఒక పాట తీసుకుని లెక్క చూద్దాం. 1966లో ఆమె పాడిన 'అల్ అత్లాల్'. శిథిలాలు అని అర్థం. పోయిన ప్రేమని పాడుబడ్డ ఇంటి ఆనవాళ్ళలా తలుచుకోవడం అరబీ కవిత్వంలో చాలా పాత సంప్రదాయం. రాసింది డాక్టరైన కవి ఇబ్రాహీం నాజీ, 1953లోనే చనిపోయాడు. ఆయన కవితలు రెండింటి నుంచి పాదాలు ఏరి ఈ పాట కూర్చారు. బాణీ సుంబాతీది. పాటలో ఉన్న మాటలన్నీ కాగితం మీద చదివితే కొద్ది నిమిషాల్లో అయిపోతాయి. వేదిక మీద అది గంట దాకా వెళ్ళేది. ఎలా? మొదట వాద్యాలే చాలాసేపు వాయిస్తాయి, ఆమె కుర్చీలో కూర్చుని వింటుంది. తర్వాత లేచి నిలబడుతుంది, చేతిలో పట్టు రుమాలు. ఒక పాదం సూటిగా పాడటానికి అర నిమిషం పడుతుందనుకుందాం. హాలు స్పందిస్తే దాన్ని ఎనిమిది సార్లు పాడుతుంది, ప్రతి రెండింటి మధ్యా వాద్యాలు అందుకుంటాయి. ఒక్క పాదానికే ఐదారు నిమిషాలు. అలాంటి పాదాలు నాలుగైదు దొరికితే అరగంట అక్కడే పోయింది. స్పందించకపోతే? ఆమె ముందుకి వెళ్ళిపోతుంది. అంటే పాట ఎంతసేపన్నది నోటు పుస్తకంలో లేదు, హాల్లో ఉంది.

ఆ పాటలోనే ఇంకో సంగతి. తన స్వేచ్ఛ తనకి ఇచ్చెయ్యమని, చేతుల కట్లు విప్పమని ప్రియురాలిని అడిగే పాదం ఒకటుంది. రాసిన కవికి అది ప్రేమ మాటే. 1966లో విన్నవాళ్ళలో కొందరికి జైళ్ళు గుర్తొచ్చాయి. 1967లో ఇజ్రాయెల్‌తో యుద్ధం తర్వాత కొందరికి పోయిన నేల గుర్తొచ్చింది. ఆమె ఇది ఫలానా అని ఏనాడూ విప్పి చెప్పలేదు. పదిసార్లు పాడినప్పుడు పదిమంది పది రకాలుగా వింటారు, అంతే.

మూడు నిమిషాల పలక నుంచి రాత్రంతా రేడియో దాకా

ఈ పొడుగు మొదటి నుంచీ లేదు. 1920ల్లో ఆమె పేరు పాకింది గ్రామఫోన్ మీద. ఆ పలకకి ఒక పక్క మూడు నిమిషాలు, రెండు పక్కలా కలిపితే ఆరు. 1928 నాటి ఆమె రికార్డు 'ఇన్ కుంత్ అసామిహ్' విపరీతంగా అమ్ముడుపోయింది, కానీ అందులో వన్స్ మోర్‌కి చోటెక్కడిది?

1934 మే 31న ఈజిప్టు రేడియో మొదలైంది. బ్రిటిష్ మార్కోనీ కంపెనీ నడిపింది దాన్ని. మొదటి రోజే ఆమె పాడింది. కొన్నేళ్ళకి ప్రతి నెలా మొదటి గురువారం ఆమె కచేరీని రేడియో నేరుగా వినిపించడం ఆనవాయితీ అయింది. శుక్రవారం సెలవు కాబట్టి గురువారం రాత్రి ఎంత పొద్దుపోయినా ఇబ్బంది లేదు. మూడు పాటలు, మధ్యలో విరామాలు, తెల్లవారుజాము దాకా. కాఫీ హోటళ్ళలో రేడియో చుట్టూ జనం. 1950ల్లో కైరో రేడియో ప్రసారాలు బలపడ్డాక బాగ్దాద్‌లోనూ, డమాస్కస్‌లోనూ, మొరాకోలోనూ అదే రాత్రి అదే పాట. పలక తెంచేసిన పొడుగుని రేడియో తిరిగి ఇచ్చింది, పైగా హాల్లో లేనివాడికి హాలు కేకల్ని కూడా వినిపించింది.

1964లో ముహమ్మద్ అబ్దుల్ వహాబ్ బాణీలో 'ఇంత ఉమ్రీ' పాడినప్పుడు వాద్యబృందంలోకి ఎలక్ట్రిక్ గిటార్ వచ్చి చేరింది. దశాబ్దాల పాటు ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరు దిగ్గజాల మొదటి పాట అది. పత్రికలు దాన్ని 'మేఘాల కలయిక' అన్నాయి. సంప్రదాయవాదులు గిటార్ చూసి గొణిగారు. పాట మాత్రం నిలిచింది.

ఆరు సినిమాలే ఎందుకు?

నటిగా ఆమె చేసినవి ఆరే: విదాద్ (1936), నషీద్ అల్ అమల్ (1937), దనానీర్ (1940), ఆయిదా (1942), సల్లామా (1945), ఫాత్మా (1947). మొదటిది స్టూడియో మిస్ర్ వాళ్ళ తొలి కథాచిత్రం. ఆ స్టూడియోని పెట్టింది బ్యాంక్ మిస్ర్ స్థాపకుడు తల్అత్ హర్బ్. విదేశీ పెట్టుబడి మీద ఆధారపడని ఈజిప్టు పరిశ్రమ కావాలన్నది ఆయన పట్టుదల.

విదాద్, దనానీర్, సల్లామా మూడింట్లోనూ ఆమెది పూర్వకాలపు బానిస గాయని పాత్ర. ఆ పాత్రలు వేస్తే పాటకి కారణం వెతుక్కోనక్కర్లేదు. దనానీర్ మన కళ్ళకి ఆసక్తిగా ఉంటుంది. హారూన్ అల్ రషీద్ కాలంలో తన ప్రభువుల వంశం కూలిపోయాక, ఖలీఫా అడిగినా పాడనని మొండికేసిందని చరిత్రలో చెప్పుకునే గాయని ఆమె. చివరి సినిమా ఫాత్మాలో మాత్రం ఆమె ఈ కాలపు నర్సు. పెద్దింటి కుర్రాడు రహస్యంగా పెళ్ళి చేసుకుని వదిలేస్తాడు.

నటన గురించి రెండు మాటలు వినిపిస్తాయి. మొహంలో భావం తక్కువ, పాటల మధ్య ఖాళీ నింపడమే అని ఒకటి. కథ, పాటలు అన్నీ తన చేతుల్లో పెట్టుకుని, ఏం చూపించాలో ఏం చూపించకూడదో తనే తేల్చుకుందని ఇంకొకటి. రెండూ నిజమే అనిపిస్తుంది సినిమాలు చూస్తే. 1940ల మధ్యలో థైరాయిడ్ జబ్బు కళ్ళ మీదికి వచ్చింది. స్టూడియో లైట్లు భరించడం కష్టమైంది. తర్వాత ఆమెకు గుర్తుగా మిగిలిన నల్ల కళ్ళద్దాలు అలా వచ్చినవే.

మనకి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గుర్తొస్తారు. ఆమె చేసినవీ నాలుగే సినిమాలు, 1945 నాటి 'మీరా'తో ఆపేశారు. ఇద్దరూ తెర వదిలి కచేరీకి, రేడియోకి వెళ్ళారు. కచేరీ డబ్బు విరాళమివ్వడంలోనూ పోలిక ఉంది. అక్కడితో ఆపాలి. ఎం.ఎస్. పాట గుడి వైపు నడిచింది, ఉమ్ కుల్సూమ్ పాట భక్తిలో మొదలై ప్రేమ వైపు వచ్చింది.

రాజు పతకం, నాసర్ రేడియో

ఇక రెండో ముడి. 1944లో ఆమె పాడుతున్న సభకి ఫారూక్ రాజు వచ్చి, రాచకుటుంబంవాళ్ళకీ పెద్ద నాయకులకీ ఇచ్చే 'నిషాన్ అల్ కమాల్' పతకం ఇచ్చాడు. అదే రాజకుటుంబం, రాజుగారి మేనమామ ఆమెను పెళ్ళి చేసుకుంటానంటే అడ్డుపడింది. పతకానికి పనికొచ్చిన రైతుబిడ్డ సంబంధానికి పనికిరాలేదు. 1954లో ఆమె డాక్టర్ హసన్ అల్ హిఫ్నావీని పెళ్ళాడింది.

1952లో సైనికాధికారులు రాజుని దించేశారు. రాజు కోసం పాడింది కాబట్టి రేడియోలో ఆమె పాటలు ఆపేశారని, నాసర్‌కి తెలిసి 'జనం మన మీద తిరగబడాలా ఏం?' అన్నట్టు మందలించి మళ్ళీ వేయించాడని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. ఆపింది ఎవరు, ఎన్నాళ్ళు అన్నదగ్గర కథనాలు కలవవు. నిజం ఎంతైనా, ఆ కథని జనం ఇష్టంగా చెప్పుకోవడంలోనే ఒక అర్థం ఉంది. అందులో దేశాధినేత కూడా ఆమె శ్రోతలకి జడిసేవాడు.

ఆ తర్వాత ఆమె నాసర్ పక్షాన నిలబడింది, దాచిపెట్టలేదు. 1956 సూయెజ్ యుద్ధంలో పాడిన 'వల్లాహ్ జమాన్ యా సిలాహీ' 1960 నుంచి 1979 దాకా ఈజిప్టు జాతీయగీతం. అయితే ఆమె కొత్త రాజ్యానికి వంగిందా, కొత్త రాజ్యమే ఆమె దగ్గరికి వచ్చిందా? వంగిందనేవాళ్ళు పాటల జాబితా చూపిస్తారు: రాజు మీద ఉన్నాయి, నాసర్ మీద ఉన్నాయి. రెండో పక్షంవాళ్ళు కాలం చూపిస్తారు: నాసర్ ఇంకా పేరులేని అధికారిగా ఉన్నప్పుడే ఆమె దేశంలోనే పెద్ద గొంతు. 1948 యుద్ధంలో ఫాలూజా దగ్గర ముట్టడిలో చిక్కుకుని తిరిగొచ్చిన సైనికులకి ఆమె విందిచ్చింది. వాళ్ళలో నాసర్ కూడా ఉన్నాడు. పరిచయం అధికారం కంటే ముందుది.

ఓటమికి ఆమె పాట కారణమా?

1967 జూన్‌లో ఆరు రోజుల్లో ఈజిప్టు ఓడిపోయింది. కోపం ఎవరో ఒకరి మీద పడాలి, కొంత ఆమె మీద పడింది. రాత్రంతా ప్రేమపాటలతో జాతిని మత్తులో ముంచిందన్నారు. వామపక్ష కవి అహ్మద్ ఫువాద్ నజ్మ్ ఆమె కుక్క మీద వెక్కిరింత కవిత రాశాడు. కైరోలోని జమాలిక్ పేటలో ఆమె ఇంటి ముందు ఒక విద్యార్థి కుర్రాడిని ఆ కుక్క కరిస్తే, అమ్మగారి సేవలు చూసి కేసు మూసేశారన్నది దాని విషయం. నవ్వు పుట్టించే కవితే, కానీ గురి తప్పలేదు. ఆమె పేరు చట్టానికి అందనంత ఎత్తుకి పోయిందన్న ఫిర్యాదు అది.

ఆమె నుంచి జవాబు మాటల్లో రాలేదు. సైన్యం పునర్నిర్మాణానికి డబ్బు పోగుచేస్తూ ఈజిప్టు పట్టణాలు, తర్వాత పారిస్, మొరాకో, కువైట్, ట్యునీషియా, సూడాన్ తిరిగింది. అరవై దాటిన మనిషి. 1967 నవంబర్‌లో పారిస్ ఒలింపియా హాల్లో పాడుతుంటే ఒక అభిమాని కాళ్ళు ముద్దుపెట్టుకోబోయి ఆమెను పడేశాడు. లేచి పాట కొనసాగించింది.

మత్తు అన్నవాళ్ళ వాదనలో ఒక లోపం కనిపిస్తుంది నాకు. మత్తులో ఉన్నవాడు ఏ స్వరం కొత్తదో పసిగట్టలేడు. సమ్మీఅ చేసేదే ఆ పని. కాకపోతే రేడియో వల్ల హాలు బయట కోట్లమంది చేరారు, వాళ్ళు కేకవేసినా ఆమెకు వినపడదు. విమర్శలో పస ఉందంటే అక్కడే ఉంది.

స్త్రీవాద ప్రతీక అనడం మీద కూడా ఇలాగే రెండు మాటలున్నాయి. 1940ల్లోనే సంగీతకారుల సంఘానికి అధ్యక్షురాలు, తన కాంట్రాక్టులు తనే మాట్లాడుకున్న మనిషి. కానీ ఆమె తనని తాను పల్లె ఆడపడుచుగా, భక్తురాలిగానే పరిచయం చేసుకుంది. ఆ పరిచయమే ఆమెకు రక్షణ అయింది కూడా.

శవపేటిక దారి మారింది

1975 ఫిబ్రవరి 3న ఆమె చనిపోయింది. దూరదేశాల వాళ్ళు రావడానికి వీలుగా అంత్యక్రియలు 5వ తేదీకి పెట్టారు. ఇస్లాంలో వెంటనే ఖననం చెయ్యడం ఆనవాయితీ కాబట్టి ఆ ఆలస్యమే మామూలు విషయం కాదు. ఊరేగింపు నగరం నడిబొడ్డున ఉమర్ మక్రమ్ మసీదు నుంచి ప్రభుత్వం గీసిన దారిలో వెళ్ళాలి. వీధుల్లో లక్షల జనం. వాళ్ళు పేటికని మోసేవాళ్ళ భుజాల మీంచి తమ భుజాల మీదికి తీసుకున్నారు. గంటల తరబడి తిప్పి, ఆమెకు ఇష్టమైన హుసైన్ మసీదుకి చేర్చారు.

జమాలిక్‌లో ఆమె ఇల్లు ఇప్పుడు లేదు, కూల్చి ఆ చోట హోటల్ కట్టారు. నైలు మధ్య రోదా ద్వీపంలో 2001లో తెరిచిన మ్యూజియంలో రాళ్ళు పొదిగిన నల్ల కళ్ళద్దాలు, గౌన్లు, రుమాళ్ళు ఉన్నాయి. పాటలు ఫోన్లలో ఉన్నాయి, చాలావరకు మూడు నిమిషాల ముక్కలుగా. గ్రామఫోన్ పలక తిరిగొచ్చినట్టే. గట్టి అభిమానులు మాత్రం ఆ ముక్కలు వినరు. పాట పేరు చెప్పినా వాళ్ళకి చాలదు. 'అల్ అత్లాల్' వింటున్నానని ఎవరైనా అంటే ముందు వాళ్ళడిగే ప్రశ్న, ఏ రాత్రిది? కైరోదా, పారిస్‌దా, 1968 ట్యూనిస్‌దా?